హన్మకొండ నుంచి హోం ఆఫీసుకు: వేలిముద్రల కేంద్రాల రికార్డుల కోసం ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: పని ఏమిటి, ఎందుకు

బ్రిటన్‌లో ఉంటూ వీసా పొడిగించుకోవడానికో, ఒక రకం వీసా నుంచి మరో రకానికి మారడానికో దరఖాస్తు చేసుకునే విదేశీయులు వేలిముద్రలు, ఫొటో ఇవ్వడానికి వెళ్లే కేంద్రాలు కొన్ని ఉన్నాయి. ఆ కేంద్రాల పనితీరుపై అక్కడి హోం ఆఫీసు (హోం శాఖ) దగ్గర ఉన్న రికార్డులను కోరాలని మా ముగ్గురి బృందం నిర్ణయించింది. ఈ సేవ పేరు యూకే వీసా అండ్ సిటిజన్‌షిప్ అప్లికేషన్ సర్వీసెస్. పొట్టిగా యూకేవీకాస్ అంటారు. సోప్రా స్టీరియా అనే ప్రైవేటు సంస్థ నిర్వహణలో ఇది 2018 నవంబరులో మొదలైంది. అంతకుముందు ఈ పని చాలావరకు అక్కడి పోస్టాఫీసుల్లో జరిగేది.

ప్రశ్న మాకు ఇక్కడి ఇళ్ల నుంచే వచ్చింది. హన్మకొండలో గానీ, కరీంనగర్, జగిత్యాల వైపు గానీ పిల్లలను మాస్టర్స్ చదువుకు బ్రిటన్ పంపిన కుటుంబాలను వెతుక్కోవలసిన అవసరం ఇప్పుడు లేదు. చదువు ముగిశాక వారిలో చాలామంది 2021 జూలై 1న మొదలైన గ్రాడ్యుయేట్ వీసాకు మారుతారు. ఆ మార్పు దగ్గరికి వచ్చేసరికి ఒకరి అమ్మాయి ఫోన్ యాప్‌లోనే పని ముగించుకుంటుంది, మరొకరి అబ్బాయి కేంద్రానికి వెళ్లి ఉచితంగా వేలిముద్రలిచ్చి వస్తాడు, ఇంకొకరు అదే పనికి పౌండ్లు కడతారు. ఇక్కడి తల్లిదండ్రులకు అది ఏదో ఏజెంటు చేసిన తేడాలాగా కనిపిస్తుంది. నిజానికి తేడా సేవను ఏర్పాటు చేసిన తీరులోనే ఉంది. మొదలుపెట్టినప్పుడు బెల్‌ఫాస్ట్, బర్మింగ్‌హామ్, కార్డిఫ్, క్రోయ్‌డన్, గ్లాస్గో, మాంచెస్టర్‌లలోని ఆరు ప్రధాన కేంద్రాల్లో ఉచిత అపాయింట్‌మెంట్లు పెట్టారు. గ్రంథాలయాల వంటి చోట్ల తెరిచిన దాదాపు యాభై కేంద్రాల్లో అపాయింట్‌మెంటుకే రుసుము ఉండేది. అది అప్పట్లో 60 పౌండ్ల నుంచి మొదలయ్యేది. ఏ నెలలో ఎంతమంది ఉచితంగా వెళ్లారు, ఎంతమంది డబ్బు కట్టి వెళ్లారు, నిర్వాహక సంస్థ తన పని ఎలా చేసిందని హోం ఆఫీసుకు నెలనెలా ఏమని నివేదించింది అన్నవి మాకు కావలసిన సంగతులు.

మన పిల్లలు ఇక్కడి నుంచి బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలిచ్చే ఏర్పాటు వేరు. అది బ్రిటన్ వెలుపలి దరఖాస్తులకు సంబంధించినది, దాని ఒప్పందం కూడా వేరే. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపితే రెండూ చెడతాయని దాన్ని మొదటి రోజే పక్కన పెట్టాం.

బృందం గురించి రెండు మాటలు. నేను చాలాకాలంగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు రాసి పెడుతున్నవాణ్ణి. రెండో మిత్రుడు ట్రెజరీలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడు కాబట్టి బిల్లులు, కోతలు, రికవరీలు అంటే ఆయనకు కాగితం వాసనతోనే తెలుస్తుంది. మూడో మనిషి బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉంటున్న మా మేనకోడలు.

జూన్ రెండో వారం: ఎవరు అడగవచ్చు

మొదట తేల్చుకోవలసింది అడిగే అర్హత. మన సమాచార హక్కు చట్టం, 2005లోని మూడో సెక్షన్ ఈ హక్కును పౌరులకు మాత్రమే ఇస్తుంది. బ్రిటన్ వారి సమాచార స్వేచ్ఛ చట్టం, 2000లో అలాంటి షరతు లేదు. అక్కడ అడిగేది ఏ మనిషైనా కావచ్చు, ఏ దేశంలో ఉన్నా కావచ్చు. ఎనిమిదో సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా అడగాలి, అసలు పేరు ఉండాలి, జవాబు పంపడానికి ఒక చిరునామా ఉండాలి, కావలసిన సమాచారం వివరించి ఉండాలి. ఈమెయిల్ రాతపూర్వకమే, ఈమెయిల్ చిరునామా చిరునామాయే. అంటే హన్మకొండ నక్కలగుట్టలో కూర్చుని, అక్కడి పౌరుడికి ఉన్నంత హక్కుతోనే లండన్‌లోని శాఖను అడగవచ్చు.

ఇక్కడ పదిరూపాయల పోస్టల్ ఆర్డరుకు అలవాటుపడ్డ మాకు రుసుము లేదన్నది కూడా కొత్తగానే అనిపించింది. రెండు చట్టాలూ పూర్తిగా అమల్లోకి వచ్చింది ఒకే ఏడాది. వారిది 2005 జనవరి 1న, మనది అదే సంవత్సరం అక్టోబరు 12న. అయినా స్వభావాలు వేరు. గడువు దాటిన ప్రతి రోజుకూ 250 రూపాయల చొప్పున 25,000 వరకు అధికారి జేబు నుంచి వసూలు చేసే మన ఇరవయ్యో సెక్షన్ వంటిది అక్కడ లేదు. దానికి బదులుగా పదహారో సెక్షన్ ఉంది. అడిగేవారికి సలహా, సహాయం అందించడం శాఖ విధి అని అది చెబుతుంది. నా మట్టుకు భయపెట్టే సెక్షన్ కన్నా ఈ సెక్షన్‌తోనే ఎక్కువ పని జరిగేలా ఉంది, ఎందుకంటే దాన్ని ఉత్తరంలోనే ఉటంకిస్తే శాఖ మనతో మాట్లాడవలసి వస్తుంది.

జూన్ మూడో వారం: కాగితం ఎవరి దగ్గర ఉంది

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ సమయం పెట్టింది ఈ ప్రశ్న మీదే.

కొన్నేళ్ల కిందట మన జిల్లాలోనే ఒక కార్యాలయాన్ని, ఔట్‌సోర్సింగుకు ఇచ్చిన ఒక సేవ గురించి సమాచార హక్కు చట్టం (సహ చట్టం) కింద అడిగాను. రోజుకు ఎంతమందికి ఆ సేవ అందింది, ఎంతమందిని తిప్పి పంపారు అని నా ప్రశ్న. ‘సదరు సమాచారము ఏజెన్సీ వద్ద కలదు, ఈ కార్యాలయమందు లేదు’ అని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. మొదటి అప్పీలులో నేను వాదన పెంచలేదు. ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం నకలు తెచ్చి, నెలవారీ స్టేట్‌మెంటు జత చేస్తేనే బిల్లు చెల్లించాలన్న నిబంధన కింద గీత గీసి, చెల్లించిన బిల్లులకు జతపరిచిన స్టేట్‌మెంట్ల నకళ్లు ఇప్పించమని కోరాను. బిల్లు పాసయిందంటే స్టేట్‌మెంటు ఆ ఫైల్లో ఉన్నట్టే. నకళ్లు వచ్చాయి.

బయోమెట్రిక్ కేంద్రాల విషయంలోనూ ఇదే దారి. వేలిముద్రలు తీసుకునేది, అపాయింట్‌మెంట్లు ఇచ్చేది, రుసుము వసూలు చేసేది ప్రైవేటు సంస్థ. ఆ సంస్థ నేరుగా బ్రిటన్ చట్టం పరిధిలోకి రాదు. కానీ ఆ చట్టం మూడో సెక్షన్‌లో ఒక మాట ఉంది: ప్రభుత్వ సంస్థ తరఫున మరొకరు పెట్టుకున్న సమాచారం కూడా ఆ ప్రభుత్వ సంస్థ దగ్గర ఉన్నట్టే లెక్క. మన చట్టంలో ‘ఆధీనంలో గానీ, నియంత్రణలో గానీ’ ఉన్న సమాచారం అన్న మాట చేసే పనినే ఇది చేస్తుంది. అయితే ‘తరఫున’ అన్నది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది వాదనకు తావిచ్చే సంగతి. దరఖాస్తుదారు వేలిముద్రలు నిశ్చయంగా ప్రభుత్వం తరఫున తీసుకున్నవే. కేంద్రంలో ఏ రోజు ఎంతమంది సిబ్బంది ఉన్నారన్న హాజరు పట్టీ మాత్రం సంస్థ తన సొంత అవసరానికి రాసుకున్నది కావచ్చు. అందుకని వాదన అవసరం లేని కాగితాలనే అడగాలని తీర్మానించాం. అంటే, ఒప్పందం ప్రకారం సంస్థ తయారుచేసి శాఖకు ఇచ్చి తీరవలసినవి. అవి శాఖ ఫైల్లోనే ఉంటాయి, ‘తరఫున’ అన్న మాట మీద కొట్లాట ఉండదు.

బ్రిటన్ ప్రభుత్వం పెద్ద సేవా ఒప్పందాలకు ఒక నమూనా ఒప్పందాన్ని బహిరంగంగా పెట్టింది. అందులో పనితీరు స్థాయిలకు ఒక అనుబంధం ఉంటుంది. ఏ పని ఎంత శాతం మేరకు, ఎన్ని రోజుల్లో జరగాలి, తగ్గితే శాఖ చెల్లింపులో ఎంత కోత పెట్టవచ్చు అన్నది దానిలో రాసుకుంటారు. ఆ కోతలకు వారు పెట్టుకున్న పేరు సర్వీస్ క్రెడిట్లు. మా ట్రెజరీ మిత్రుడు ఆ అనుబంధం చదివి, కోత ఉందంటే ప్రతి నెలా ఎవరో ఒకరు లెక్క కట్టి సంతకం పెట్టి తీరాలి, ఆ లెక్క కాగితమే మనకు కావాలి అన్నాడు. మా ఉత్తరానికి వెన్నెముక అక్కడే దొరికింది.

అదే నమూనాలో ఇంకొక అనుబంధం ఉంది. ఒప్పందంలో ఏయే భాగాలను తాము వ్యాపారపరంగా సున్నితమైనవిగా భావిస్తున్నారో, ఎంతకాలం వరకు అలా భావిస్తారో నిర్వాహక సంస్థ ముందే జాబితా రాసి ఇచ్చేది అందులోనే. దీన్ని అడగాలన్నది నా పట్టుదల. ఎందుకంటే ఏ భాగాన్ని దాస్తారో ముందే తెలుస్తుంది. ఆ జాబితాలో లేనిదాన్ని తరవాత రహస్యమంటే, అప్పుడెందుకు రాయలేదని అడగవచ్చు. జాబితాలో ఉన్నంత మాత్రాన శాఖ ఇవ్వకూడదని కూడా లేదు. తుది నిర్ణయం చట్టాన్ని బట్టి శాఖదే.

జూన్ నాలుగో వారం: ముందే బయట ఉన్నవి

ప్రచురితమై ఉన్నదాన్ని అడిగితే ఇరవై ఒకటో సెక్షన్ కింద, అది ఇప్పటికే అందుబాటులో ఉందన్న జవాబు వస్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ గడువంతా దానికే పోతుంది. అందుకని ముందు వెతకడం.

కాంట్రాక్ట్స్ ఫైండర్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఒప్పందాల ప్రకటనలు ఉంటాయి. కొన్నింటికి ఒప్పంద పాఠం కూడా జతచేసి ఉంటుంది. ఇక్కడ ఒక ఆచరణ సూత్రం: సేవకు జనంలో ఉన్న పేరు ఒకటి, కొనుగోలు పత్రాల్లోని పేరు మరొకటి కావచ్చు కాబట్టి సేవ పేరుతో, సంస్థ పేరుతో, శాఖ పేరుతో విడివిడిగా వెతకాలి. జతచేసిన పాఠాల్లో నల్లపూత పూసి దాచిన భాగాలు కనిపిస్తే చిరాకు పడకుండా చూడాలి. పూత కింద అంకె మాత్రమే పోయి, వరుస శీర్షిక మిగిలిందంటే ఆ కొలమానం పేరు మన చేతికి వచ్చినట్టే. ఉత్తరంలో ఆ పేరునే అక్షరం పొల్లుపోకుండా వాడుకోవచ్చు. శాఖలో ఫైలు వెతికే గుమాస్తాకు మన భావం కన్నా ఆ పేరు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రభుత్వం ముఖ్యమైన ఒప్పందాలకు కొన్ని కీలక కొలమానాలను మూడు నెలలకోసారి ప్రచురిస్తుంది. ఒప్పందానికి మూడో నాలుగో కొలమానాలు, వాటి పక్కన లక్ష్యానికి దగ్గరగా ఉన్నారా, మెరుగుపడాలా అన్న మాట. పైపైన చూడటానికి బాగుంటుంది గానీ, కేంద్రాలవారీ లెక్క అందులో దొరకదు. మాకు కావలసింది కేంద్రాలవారీ లెక్కే.

జూన్ చివర: ఉత్తరం పాఠం

ఇంగ్లిషులో పంపిన పాఠం తెలుగులో ఇలా ఉంటుంది:

‘యూకేవీకాస్ సేవకు సంబంధించి, ఆయా కాలాల్లో దాన్ని నిర్వహించిన సంస్థ ఏదైనప్పటికీ, మీ శాఖ దగ్గర నమోదై ఉన్న ఈ కింది సమాచారాన్ని కోరుతున్నాను. మొదటిది, 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు, 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు, నెలవారీగా, కేంద్రాలవారీగా పూర్తయిన అపాయింట్‌మెంట్ల సంఖ్య, అందులో ఉచితమైనవి ఎన్ని, రుసుము చెల్లించినవి ఎన్ని. రెండవది, అవే కాలాలకు ఒప్పందం ప్రకారం నిర్వాహక సంస్థ మీకు సమర్పించిన నెలవారీ పనితీరు నివేదికలు, వ్యక్తుల పేర్లు తొలగించి. మూడవది, అవే కాలాల్లో నెలవారీగా వర్తింపజేసిన సర్వీస్ క్రెడిట్ల మొత్తం. నాల్గవది, ఒప్పందంలో వ్యాపారపరంగా సున్నితమైన సమాచారాన్ని జాబితా చేసిన అనుబంధం. ఖర్చు పరిమితి దాటుతుందని మీరు భావిస్తే, నాల్గవదాన్నీ మొదటిదాన్నీ యథాతథంగా ఉంచి, రెండవదాన్ని ప్రతి కాలంలోనూ చివరి మూడు నెలలకు కుదించండి. పదహారో సెక్షన్ ప్రకారం ఇంకేదైనా కుదింపు అవసరమైతే సూచించండి.’

ఈ పాఠంలోని కొన్ని మాటలకు కారణాలున్నాయి. ‘నిర్వహించిన సంస్థ ఏదైనప్పటికీ’ అన్నది నిర్వాహకుడు మారినా ప్రశ్న చెల్లకుండా పోకూడదని. రెండు కాలాలు ఎందుకంటే, మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 మార్చి చివర కేంద్రాలు మూతపడి, జూన్ నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. ఆ ఏడాది అంకెలను దేనితో పోల్చినా అర్థం ఉండదు. 2019–20 చివరి రోజుల్లో ఆ మూత కొంత తగులుతుంది, దాన్ని పట్టికలో గుర్తు పెట్టుకుంటే చాలు. వారి ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు కావడం మాకు కలిసొచ్చింది.

‘ఎందుకు’ అన్న మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉచిత కేంద్రాలు ఆరే ఎందుకు పెట్టారని అడిగితే అది అభిప్రాయం అడిగినట్టు. ఆ నిర్ణయానికి ముందు తయారైన కాగితాన్ని అడిగితే అది రికార్డు అడిగినట్టు. ఇది మన సహ చట్టానికీ వర్తించే సంగతే, ఇక్కడ తిరస్కరణకు గురయ్యే దరఖాస్తులు నా దగ్గరికి వచ్చినప్పుడు చాలావాటిలో కనిపించేది ఈ ‘ఎందుకు’ అన్న ప్రశ్నే.

మిత్రుడు మరో కోరిక కోరాడు. భారతీయులెందరో విడిగా అడగాలన్నాడు. ఇక్కడి పాఠకులకు కావలసింది అదే కదా అన్నది ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. ఒక చిన్న ఊరి గ్రంథాలయంలోని కేంద్రంలో ఒక నెలలో ఒక దేశం వారు ఇద్దరో ముగ్గురో ఉంటే, ఆ అంకె నుంచి మనుషులను గుర్తుపట్టే వీలుంటుందని నలభయ్యో సెక్షన్ కింద, అంటే వ్యక్తిగత సమాచారం పేరుతో, ఆ గడులన్నీ దాస్తారు. అలా దాయడం సబబు కూడా. జాతీయతను విడదీసిన కొద్దీ అంకెలు చిన్నవవుతాయి, చిన్నవైన కొద్దీ పట్టికలో ఖాళీలు పెరుగుతాయి. చివరికి కేంద్రాలవారీ లెక్కను కాపాడుకోవడానికి జాతీయతను వదులుకున్నాం. ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను.

జూలై మొదటి వారం: ఖర్చు పరిమితి

మన చట్టంలో లేనిది, వారి చట్టంలో ఎక్కువ ఉత్తరాలను మింగేది పన్నెండో సెక్షన్. ఒక ఉత్తరానికి జవాబు వెతకడానికయ్యే ఖర్చుకు అది పరిమితి పెడుతుంది: కేంద్ర ప్రభుత్వ శాఖలకు 600 పౌండ్లు, గంటకు 25 పౌండ్ల లెక్కన 24 గంటల పని. మిగతా ప్రభుత్వ సంస్థలకు 450 పౌండ్లు, అంటే 18 గంటలు. సమాచారం ఉందో లేదో తేల్చడం, అది ఎక్కడుందో కనుక్కోవడం, బయటికి తీయడం, అందులోంచి కావలసింది ఏరడం, ఈ నాలుగు పనులకే గంటలు లెక్కించాలి. నల్లపూత పూయడానికి పట్టే సమయం ఈ లెక్కలోకి రాదు. ఇది తెలిస్తే ‘పేర్లు తొలగించడానికి చాలా సమయం పడుతుంది’ అన్న కారణం వచ్చినప్పుడు దాన్ని పన్నెండో సెక్షన్ కింద ఒప్పుకోనక్కర్లేదు.

పరిమితి దాటితే, దాటినంత మేరకు కోసి మిగతాది ఇవ్వవలసిన బాధ్యత శాఖకు లేదు. మొత్తం ఉత్తరాన్నే తిరస్కరించవచ్చు. అందుకే పాఠంలో కుదింపు దారి మేమే రాసిపెట్టాం.

ఈ సంగతి విని మా మేనకోడలు వీడియో కాల్‌లో తేలికైన ఉపాయం చెప్పింది. ‘మామా, రెండు ప్రశ్నలు నువ్వెయ్యి, ఒకటి నేనేస్త, ఒకటి మా రూమ్మేటుతోని ఏపిస్త. గప్పుడు ఎవరి లెక్క వాళ్లకే ఉంటది గదా.’ వినడానికి బాగానే ఉంది గానీ 2004 నాటి ఫీజు నిబంధనలు దీన్ని ముందే ఊహించాయి. ఒకే మనిషి గానీ, కలిసికట్టుగా పనిచేస్తున్నట్టు కనిపించే మనుషులు గానీ, ఒకే విధమైన సమాచారం కోసం 60 పనిదినాల లోపు పంపిన ఉత్తరాలన్నింటి ఖర్చునూ శాఖ కలిపి లెక్కించవచ్చు. ‘గట్లనా, అయితే వాళ్లు మనకంటె ముందే ఆలోచించిండ్రు’ అని నవ్వింది. ఉత్తరం ఒక్కటే, నా పేరు మీద వెళ్లింది.

జూలై రెండో వారం: పంపాక

రసీదు ఈమెయిల్, రిఫరెన్స్ సంఖ్యతో సహా వచ్చింది. ఇక లెక్క పనిదినాలది. పదో సెక్షన్ ప్రకారం ఉత్తరం అందిన మరుసటి పనిదినం మొదటి రోజు, ఇరవయ్యో పనిదినం లోపు జవాబు రావాలి. మన ముప్పై రోజుల్లో ఆదివారాలూ పండుగలూ కలిసే ఉంటాయి. అక్కడ శని, ఆదివారాలు తీసేయాలి, ఆపైన యునైటెడ్ కింగ్‌డమ్‌లోని ఏ ప్రాంతంలో బ్యాంకు సెలవు ఉన్నా ఆ రోజును అన్ని ప్రాంతాలకూ తీసేయాలి. జూలై 12 ఉత్తర ఐర్లండ్‌లో సెలవు, ఆగస్టు మొదటి సోమవారం స్కాట్లండ్‌లో, చివరి సోమవారం ఇంగ్లండ్‌లో. శాఖ లండన్‌లో ఉన్నా ఈ మూడూ లెక్కలోంచి పోతాయి. మిత్రుడు ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసకు వారి సెలవులు, పక్క వరుసకు మన సెలవులు రాసి, మనవాటి మీద కొట్టివేత గీతలు గీశాడు, బోనాల సెలవు చూసి పొరపాటున గడువు పొడిగించుకోకుండా.

ఇదే సమయంలో మేనకోడలి స్నేహితురాలు ఒకరు తన సొంత అపాయింట్‌మెంటు విషయం, తాను కట్టిన రుసుము విషయం కూడా ఈ ఉత్తరంలో చేర్చమని కోరారు. అది కుదరదు. ఒకరి సొంత వివరాలు సమాచార స్వేచ్ఛ చట్టం కింద రావు, నలభయ్యో సెక్షన్‌లో మొదటి మాటే అది. వాటికి దారి వ్యక్తిగత డేటా చట్టాల్లో ఉంది. సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అని ఆమె తన పేరు మీద పంపాలి, సాధారణంగా ఒక నెలలో జవాబివ్వాలి. తన వేలిముద్రలు ఎప్పుడు నమోదయ్యాయి, ఏ కేంద్రంలో, తన గురించి ఏం రాసుకున్నారు అన్నవి అలా తెలుసుకోవచ్చు. రెండు దారులనూ విడివిడిగా ఉంచడం ముఖ్యం, ఎందుకంటే ఒకటి బహిరంగ ప్రపంచానికి ఇచ్చే జవాబు, మరొకటి ఒక్క మనిషికే ఇచ్చేది.

జూలై చివరి వారం: ఒక స్పష్టీకరణ

శాఖ నుంచి జవాబుకు బదులు ప్రశ్న వచ్చింది. ‘రుసుము చెల్లించినవి’ అంటే అపాయింట్‌మెంటు వేళకే రుసుము కట్టినవా, లేక ఉచిత వేళలో వచ్చి పత్రాలు స్కాన్ చేయించుకోవడం వంటి అదనపు సేవలకు డబ్బు కట్టినవి కూడానా అని. న్యాయమైన ప్రశ్న. పైగా ఉపయోగకరమైనది కూడా, ఎందుకంటే ఈ రెండింటినీ వారి లెక్కల్లో వేరువేరుగా చూపించవచ్చునన్న సూచన అందులోనే ఉంది. ఇలాంటి స్పష్టీకరణ అడిగితే గడువు గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకని అదే రోజు జవాబు రాశాం: రెండింటినీ విడివిడిగా ఇవ్వగలిగితే విడివిడిగా, వీలుకాకపోతే అపాయింట్‌మెంటు వేళకు కట్టిన రుసుము మాత్రమే.

కొత్త గడువు తేదీని ఎక్సెల్‌లో మార్చాం.

ఆగస్టు మొదటి వారం: ఎదురుచూస్తూ చేస్తున్న పని

జవాబు వచ్చే లోపు రివ్యూ ఉత్తరం ముసాయిదా రాసి పెడుతున్నాం. అక్కడ మొదటి మెట్టు శాఖలోనే జరిగే ఇంటర్నల్ రివ్యూ, రెండోది ఇన్‌ఫర్మేషన్ కమిషనర్, ఆపైన ట్రిబ్యునల్. మన మొదటి అప్పీలు, రెండో అప్పీలు వరసకు దగ్గరగానే ఉంటుంది. జవాబు అందిన 40 పనిదినాల లోపు రివ్యూ కోరడం పద్ధతి.

ఎక్కువగా ఆశించవలసిన అభ్యంతరం నలభై మూడో సెక్షన్, వ్యాపార ప్రయోజనాలకు హాని. మన చట్టంలో సెక్షన్ 8(1)(డి) చెప్పేది దాదాపు ఇదే. కానీ అక్కడ హాని జరుగుతుందన్నంత మాత్రాన సరిపోదు. దాచడంలోని ప్రజాప్రయోజనం ఇవ్వడంలోని ప్రజాప్రయోజనం కన్నా ఎక్కువని శాఖే తూచి చూపించాలి. ఆ తూకానికి అదనపు సమయం కావాలంటే తీసుకోవచ్చు, కానీ ఆ మాట గడువు లోపే మనకు చెప్పాలి. ముసాయిదాలో మా వాదన ఇలా సాగుతోంది: కోరిన అంకెలు గడిచిన సంవత్సరాలవి, ధరల గుట్టు వాటిలో లేదు, కోత ఎంత పెట్టారన్నది ప్రజాధనం ఎలా ఖర్చయిందన్న సంగతి, పైగా ఈ సేవకు వచ్చేవారికి మరో నిర్వాహకుణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ లేదు. ఈ చివరి మాట అన్నింటికన్నా బలమైనదని నా అభిప్రాయం. అంగడిలో ఒక దుకాణం నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాం, వేలిముద్రలకు పక్క దుకాణం లేదు.

మేనకోడలు ఇంకో పని చేస్తోంది. ప్రతి రుసుము కేంద్రం నుంచి దగ్గరలోని ఉచిత కేంద్రానికి రైల్లో ఎంతసేపు, ఎంత ఛార్జీ అన్నది పట్టిక వేస్తోంది. రుసుము కట్టినవారి సంఖ్య చేతికి వచ్చాక దాని పక్కన ఈ దూరం లేకపోతే, డబ్బు కట్టినవారు సౌకర్యం కోసం కట్టారా, దారి లేక కట్టారా అన్నది ఎవరూ చెప్పలేరు. లెస్టర్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లి రావడం ఒక పూట పని. వేరే చోట్ల నుంచి అలా ఉండకపోవచ్చు.

జవాబు కోసం వేసిన ఖాళీ పట్టికలో సర్వీస్ క్రెడిట్లకు ఒకటి కాకుండా రెండు నిలువు వరుసలు పెట్టాం. ఒకదానిలో వచ్చిన మొత్తం, రెండోదానిలో ఇవ్వకపోతే చూపిన సెక్షన్ సంఖ్య. మిత్రుడు రెండో వరుసను మొదటిదానికన్నా వెడల్పుగా గీశాడు.